పోంత్వాజ్‌లో పెరగనివాళ్ళు

1180 ప్రాంతంలో కోనాన్ ద బెతూన్ అనే కవి ఫ్రెంచి రాజసభలో తన పాటలు వినిపించాడు. ఉత్తరాన ఆర్త్వా అనే సీమ అతనిది. గొప్పింటి బిడ్డ, ఇంకా కుర్రవాడు. పాటలు విన్న రాణీ, ఆవిడ కొడుకైన రాజూ అతన్ని తప్పుబట్టారు. ఆ రాజు ఫిలిప్ ఔగుస్త్ అనీ, రాణి ఆయన తల్లి అదేల్ అనీ పండితులు చెబుతారు. తప్పంతా మాటల్లో ఉందట. అవి ఆర్త్వా మాటలట, ఫ్రెంచి కాదట.

ఈ సంగతి ఇవాళ మనకు తెలిసిందంటే కోనాన్ ఊరుకోకపోవడం వల్లే. ఆ అవమానం మీదే ఇంకో పాట కట్టాడు. అందులో అతను చెప్పుకున్నవి మూడు సంగతులు. తన మాట ఫ్రెంచి కాకపోయినా ఫ్రెంచివాళ్ళకు బాగానే అర్థమవుతుందని ఒకటి. తాను పోంత్వాజ్‌లో పెరగలేదు కాబట్టి ఆర్త్వా మాటలు వాడినందుకు తప్పుబట్టడం మర్యాద తెలిసినవాళ్ళు చేసే పని కాదని రెండోది. పోంత్వాజ్ అంటే పారిస్ పక్కనే ఉన్న ఊరు. ఇక మూడోది, ఇదంతా షాంపేన్ వాళ్ళ ఎదుట, అందులోనూ అక్కడున్న కౌంటెస్ ఎదుట జరగడం తనకు మరీ బాధగా ఉందని.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేను వెంటనే కోనాన్ పక్షం చేరిపోయాను. నాకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషు అనువాదాల్లో చదువుకునేవాణ్ణి. ఆఫీసు కాల్స్‌లో 'జీరో' అన్న మాటను అవతలివాళ్ళ కోసం మూడుసార్లు పలికిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నాలాంటివాడికి కోనాన్ సొంత మనిషిలా అనిపించడంలో వింతేముంది. కానీ రెండోసారి చదివినప్పుడు ఆ కౌంటెస్ దగ్గర ఆగిపోయాను. నలుగురి ఎదుటా అనడమే ఎక్కువ బాధ అన్నాడే, అక్కడ. ఆ నలుగురూ ఎవరో నాకు తెలుసు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్ మెస్సులో మా టేబుల్.

మాది తెనాలి దగ్గర ఊరు. నా రూమ్మేట్‌ది కరీంనగర్ వైపు. ఒకరోజు వాడు తెస్తానన్న నోట్సు మరిచిపోయి వచ్చాడు. "అరె, నాకు సోయి లేకుండె" అన్నాడు. నేను అదే ముక్కను వాడి గొంతు పెట్టి, కొంచెం సాగదీసి, టేబుల్ మొత్తానికీ వినబడేలా తిరిగి అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కొన్నాళ్ళపాటు మా బ్యాచ్‌లో ఎవరు ఏది మరిచిపోయినా అదే జోకు. ఎవరో ఒకసారి "ఎందుకురా వాణ్ణట్లా ఏడిపిస్తావు" అంటే నేనిచ్చిన జవాబు ఇంకా గుర్తుంది. "వాళ్ళ తప్పేం లేదురా. నిజాం పాలనలో ఉర్దూ కలిసిపోయి భాష పాడైపోయింది అంతే." జాలిపడుతున్నట్టే అన్నాను. నా లెక్కలో వాడిది యాస, నాది భాష. నాలుగో సంవత్సరానికి వాడు అచ్చం నాలాగే మాట్లాడేవాడు.

ఈ వ్యాసం ఆ జవాబు గురించి. పరాయి పాలన కింద ఒక సీమ మాట మారితే, అది పాడైనట్టేనా? ఆ మారడంలో అన్యాయం ఉందా? ఉంటే సరిగ్గా ఎక్కడుంది? మధ్యయుగపు ఫ్రాన్స్‌లో ఈ ప్రశ్నకు నాలుగైదు రకాల ఉదాహరణలు దొరుకుతాయి. అన్నీ ఒకే జవాబు చెప్పవు, అందుకే అవి పనికొస్తాయి.

*

ముందు రాణిగారి భాష ఎంత 'స్వచ్ఛం'గా ఉందో చూద్దాం. క్రీ.పూ. 58లో సీజర్ గాల్ దేశం మీదికి వచ్చినప్పుడు అక్కడివాళ్ళు మాట్లాడింది గాలిష్. కొన్ని శతాబ్దాల రోమన్ పాలనలో అది కరిగిపోయి లాటిన్ మిగిలింది. రోమ్ కూలాక ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగవాళ్ళు ఏలికలయ్యారు. వీళ్ళ విషయంలో కథ తిరగబడింది. ఏలినవాళ్ళే మెల్లగా ఏలుబడిలో ఉన్న జనం భాషలోకి వచ్చేశారు. వస్తూ వస్తూ తమ మాటలు కొన్ని తెచ్చుకున్నారు. ఫ్రెంచిలో యుద్ధానికి వాడే 'గెర్' వాళ్ళదే. నీలాన్ని 'బ్లూ' అనడం వాళ్ళ నుంచే. సిగ్గుకి ఫ్రెంచివాళ్ళు వాడే 'ఓంత్' అన్న మాట కూడా వాళ్ళదే. అంతెందుకు, ఫ్రాన్స్ అన్న పేరే ఆ తెగది. ఏ భాష పేరు చెప్పి కోనాన్‌ని తప్పుబట్టారో, ఆ భాష పేరే పరాయి ఏలికలు పెట్టిపోయింది.

ఇది చదివాక నా జవాబు వైపు ఒకసారి తిరిగి చూసుకున్నాను. ఉర్దూ కలిసి పాడైంది అన్నానా? ఆ వాక్యాన్ని నేను 'జవాబు' అనే పిలుస్తున్నాను. మా నాన్న 'రైతు'. మాది ఫలానా 'జిల్లా'. నెలాఖరుకి నా 'ఖర్చు' లెక్క చూసుకుంటాను. ఇవన్నీ అరబ్బీ, పారశీక మాటలే, పాలకుల కచేరీల నుంచి మా ఇంట్లోకి నడిచొచ్చినవే. మా ప్రాంతాన్ని పాత పుస్తకాల్లో 'సర్కారు జిల్లాలు' అంటారు. ఆ పేరులో రెండు మాటలుంటే రెండూ పరాయివే. వాడి మాటల్లో ఉర్దూ నాకు వినపడింది, నా మాటల్లో ఉర్దూ వినపడలేదు. తేడా ఉర్దూలో లేదు, నా చెవిలో ఉంది.

*

842 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో జరిగిన ఒక సంఘటన నాకు చాలా ఇష్టం. షార్లమేన్ మనవళ్ళు ఇద్దరు, చార్లెస్, లూయీ, తమ అన్న లోథార్ మీద చేతులు కలిపారు. చార్లెస్ సైన్యం మాట్లాడేది లాటిన్ నుంచి పుట్టిన జనం మాట. లూయీ సైన్యానిది జర్మానిక్. ఇద్దరూ సైనికుల ఎదుట ప్రమాణం చెయ్యాలి. అప్పుడు లూయీ తమ్ముడి సైనికుల భాషలో ప్రమాణం చేశాడు, చార్లెస్ అన్న సైనికుల భాషలో చేశాడు. నితార్ అనే చరిత్రకారుడు ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసిపెట్టాడు. ఇవాళ ఫ్రెంచికి తొలి రాతగా చెప్పేది వాటినే. అంటే, ఫ్రెంచిలో మనకు దొరికిన మొదటి వాక్యాలు పలికింది జర్మన్ల రాజు. ఎదుటివాడికి అర్థం కావాలని పలికాడు.

ఇక నార్మన్ల సంగతి. 911లో రాజు చార్లెస్ ద సింపుల్, రోలో అనే వైకింగ్ నాయకుడికి సేన్ నది ముఖద్వారం చుట్టుపక్కల నేల ఇచ్చి సంధి చేసుకున్నాడు. అదే నార్మండీ. వచ్చినవాళ్ళది స్కాండినేవియా భాష. కత్తి వాళ్ళ చేతిలోనే ఉంది, నేల వాళ్ళదే. అయినా భాష నిలవలేదు. రోలో కొడుకు విలియం తన బిడ్డ రిచర్డ్‌కి పూర్వీకుల భాష నేర్పించాలనుకున్నప్పుడు, రాజధాని రువాన్‌లో అందరూ రోమన్స్ మాట్లాడుతున్నారని పిల్లవాణ్ణి బాయూ అనే ఊరికి పంపాడని డూడో అనే చరిత్రకారుడు రాశాడు. విలియం చనిపోయింది 942లో. అంటే ముప్ఫై ఏళ్ళకే, గెలిచినవాడి మనవడికి సొంత భాష కోసం ట్యూషన్ పెట్టించాల్సిన పరిస్థితి. ఇప్పుడు మిగిలినవి సముద్రపు మాటలు కొన్ని, కోద్‌బెక్, ఈవ్‌తో లాంటి ఊరి పేర్లు కొన్ని.

ఒక భాష ఆ నేల మీద పోయింది. అన్యాయం జరిగిందా? జరిగిందని నాకు అనిపించడం లేదు. వాళ్ళని ఎవరూ బెదిరించలేదు, వెక్కిరించే ధైర్యం ఎవరికీ లేదు. అక్కడి ఆడవాళ్ళని పెళ్ళాడారు, అక్కడి దేవుణ్ణి మొక్కారు, పిల్లలు తల్లుల మాట నేర్చుకున్నారు. కాబట్టి భాష పోవడమే అన్యాయం అనే వాదన ఇక్కడ నిలబడదు. ఇది నన్ను ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే అప్పటిదాకా నా వాదన అదే.

*

ఆ నార్మన్లే 1066లో ఇంగ్లండుని గెలిచి తమ ఫ్రెంచిని అక్కడికి తీసుకెళ్ళారు. అక్కడ ఇంకో చిత్రం జరిగింది.

కన్నడంలో 'కివి' మనకు 'చెవి' అయినట్టు, లాటిన్‌లో 'క' ఉన్న చాలా మాటలు పారిస్ వైపు 'చ' అయ్యాయి. కోటకి లాటిన్ మాట 'కాస్తెల్లుమ్'. పారిస్ వైపు అది 'చాస్తెల్' అయి, ఇవాళ 'షాతో'గా స్థిరపడింది. ఉత్తరాన నార్మండీలోనూ, కోనాన్ పుట్టిన ఆర్త్వాలోనూ 'క' అలాగే నిలిచిపోయింది. నార్మన్ల 'కాస్తెల్' ఇంగ్లీషులో 'కాసిల్' అయింది. అలాగే ఫ్రాంకుల 'వ' పారిస్‌లో 'గ' అయింది, ఉత్తరాన 'వ'గానే ఉండిపోయింది. అందుకే వాళ్ళకు 'గెర్', ఇంగ్లీషుకు 'వార్'. ఇంగ్లీషు తర్వాత పారిస్ రూపాలను కూడా తెచ్చుకుని రెండింటినీ ఉంచుకుంది. మా హాస్టల్‌కు 'వార్డెన్' ఉండేవాడు. అప్లికేషన్ ఫారంలో 'గార్డియన్' పేరు అడిగేవాళ్ళు. రెండూ ఒకే మాట. ఒకటి నార్మన్ నోటి నుంచి వచ్చింది, ఇంకోటి పారిస్ నోటి నుంచి.

ఇప్పుడు ఆ 'క' గురించి ఆలోచించండి. లండన్‌లో అది దొరల నోటి మాట, దాన్ని విని జనం లేచి నిలబడాలి. అదే కాలంలో ఫ్రెంచి రాజసభకు ఒక కుర్రవాడు ఆ 'క' పలికే సీమ నుంచి వస్తే అది మోటు మాట. అక్షరం అదే, గాలి అదే, నాలుక తగిలే చోటు అదే. భాషలోనే గొప్పా తక్కువా ఉంటే రెండుచోట్లా ఒకేలా ఉండాలి కదా. మరి రాజసభలో దిద్దినవాళ్ళు వింటున్నది దేన్ని? కోనాన్ ఊరిని వింటున్నారు. ఆ ఆర్త్వా అప్పుడు రాజుగారి పెళ్ళి కట్నం లెక్కల్లో ఉంది. 1180లో ఫిలిప్ ఔగుస్త్ ఇసబెల్‌ని పెళ్ళాడినప్పుడు మాటిచ్చిన కట్నం ఆ సీమే. నేల రాబోతోంది, ఆ నేల మాట మాత్రం సభకు పనికిరాదు.

ఆ దొరల మాటకైనా గౌరవం ఎన్నాళ్ళు నిలిచింది? 12వ శతాబ్దం రెండో సగంలో లండన్ దగ్గర బార్కింగ్ మఠంలో ఒక సన్యాసిని ఎడ్వర్డ్ రాజు జీవితాన్ని ఫ్రెంచి పద్యాల్లో రాసింది. పేరు కూడా చెప్పుకోలేదు. చెప్పుకున్నది ఒక క్షమాపణ. తనది ఇంగ్లండులో నేర్చిన తప్పుడు ఫ్రెంచి అనీ, తప్పులుంటే బయట నేర్చినవాళ్ళు దిద్దుకోవాలనీ. గెలిచిన జాతి భాష, గెలిచిన నూరేళ్ళకు, గెలిచిన దేశంలో సిగ్గుపడుతోంది. ఆమెని సిగ్గుపడేలా చేసింది ఓడిపోయిన ఇంగ్లీషువాళ్ళు కాదు. సముద్రం అవతల ఉన్న 'మనవాళ్ళు'.

ఇక్కడ నాకు ఒక సంగతి తేటపడింది. పరాయివాడు మహా అయితే నీ భాష వేరు అంటాడు. నీ భాష తప్పు అనడానికి మనవాడే కావాలి. నిజాం కచేరీలో ఉర్దూ మాట్లాడినవాడికి నా రూమ్మేట్ తెలుగు వేరే భాష. అది తప్పు తెలుగు అని చెప్పడానికి తెనాలి నుంచి నేను రావాల్సి వచ్చింది. పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ, సినిమాలూ కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటనే ప్రమాణంగా పట్టుకోవడం వల్ల, నేను ఏ కష్టమూ పడకుండానే పోంత్వాజ్‌లో పుట్టాను. అది నా గొప్పతనం అనుకున్నాను.

*

దక్షిణాన తులూజ్ కథ వేరు. అక్కడి భాష ఆక్సిటన్, ట్రుబదూర్ల భాష. 1209లో ఉత్తరం నుంచి మతయుద్ధం పేరుతో సైన్యాలు వచ్చాయి. 1229లో సంధి జరిగింది, 1271లో తులూజ్ పూర్తిగా రాజుగారి చేతికి వచ్చింది. అయితే ఆ యుద్ధంతోనే భాష చచ్చిపోలేదు. తర్వాత కూడా ఊళ్ళ లెక్కలూ దస్తావేజులూ చాలాకాలం ఆక్సిటన్‌లోనే రాసుకున్నారు. 1323లో తులూజ్‌లో ఏడుగురు కలిసి ఆ భాష కవిత్వానికి పోటీలు పెట్టే సభనొకటి స్థాపించారు. కత్తి చెయ్యలేని పనిని తర్వాత కాగితం, ఆ తర్వాత బడి చేశాయి.

ఆ కాగితం వెనక ఉద్దేశం చెడ్డది కాదు, అదీ చిక్కు. 1539లో విల్లేర్-కోత్రేలో రాజు ఫ్రాన్స్వా ఇచ్చిన ఆజ్ఞ, తీర్పులు ఏ సందేహానికీ తావులేనంత స్పష్టంగా ఉండాలని, అందుకు లాటిన్ వదిలి ఫ్రెంచి మాతృభాషలో రాయాలని చెప్పింది. జనానికి అర్థం కావాలనే. కానీ తులూజ్ చుట్టుపక్కల పల్లెల్లో తల్లులు మాట్లాడేది ఆ మాతృభాష కాదు. 1794లో అబ్బే గ్రెగ్వార్ విప్లవ సభ ముందు పెట్టిన నివేదిక పల్లె మాటలన్నిటినీ తుడిచిపెట్టాలని వాదించింది. ఈ గ్రెగ్వార్ బానిసత్వానికి వ్యతిరేకంగా, యూదుల హక్కుల కోసం పోరాడిన మనిషి. చట్టం అర్థంకాని పౌరుడు చట్టం ముందు సమానుడు ఎలా అవుతాడన్నది అతని బాధ. 19వ శతాబ్దం వచ్చేసరికి ఆ సమానత్వం బడిలో ఇంకో రూపం ఎత్తింది. ఇంటి మాట మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్కో, పాత చెప్పో వేలాడదీసేవాళ్ళు. అది వదిలించుకోవాలంటే, అలాగే మాట్లాడే ఇంకో పిల్లవాణ్ణి పట్టివ్వాలి. ఆక్సిటన్ వాళ్ళు ఆ మొత్తం అనుభవాన్నీ ఒకే మాటతో పిలుస్తారు: 'వెర్గోన్య'. సిగ్గు అని అర్థం.

నార్మండీలో ఒక భాష పోయింది. తులూజ్‌లో ఒక భాష దాదాపు పోయింది. చివరి ఫలితం మాత్రమే చూస్తే రెండూ ఒకటే. మా పనిలో కూడా ఇంతే. ఒక ఫైలు పోయిందని తెలిస్తే సరిపోదు, ఎవరు తీశారో, అడిగి తీశారో లేదో లాగ్స్‌లో చూస్తేగానీ అది శుభ్రం చేయడమో, దొంగతనమో తేలదు. మాటలు రావడం పోవడం భాషకు శ్వాసలాంటిది. ఒక మనిషి తన తల్లి దగ్గర నేర్చిన మాట నోట్లోకి రాగానే చుట్టూ చూసుకోవాల్సి రావడం, అదీ అన్యాయం. పరాయి పాలన ఉన్నా లేకపోయినా అది జరగొచ్చు.

*

దీనికి రెండు అభ్యంతరాలు నాకే తోస్తాయి. ఒకటి: ఏదో ఒక ప్రమాణ భాష లేకపోతే కోర్టులు, పుస్తకాలు, ఈ పత్రిక కూడా ఎలా నడుస్తాయి? నిజమే. నేను ఇప్పుడు రాస్తున్నది కూడా అందులోనే. నలుగురు కలిసి పనిచేసే చోట ఒక ఒప్పందం కావాలి. 1362లో ఇంగ్లండు చట్టం ఒకటి, ఫ్రెంచి వాదనలు కక్షిదారులకు అర్థం కావడం లేదు కాబట్టి కోర్టుల్లో ఇంగ్లీషు వాడాలంది. తమాషా ఏమిటంటే ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలోనే. కానీ అది అడిగిన ప్రశ్న సరైనది: ఎదుటివాడికి అర్థమవుతోందా లేదా? కోనాన్ అడిగిందీ అదే. అర్థమయ్యాక కూడా దిద్దుతున్నావంటే నువ్వు దిద్దుతున్నది మాటను కాదు. మెస్సు టేబుల్ దగ్గర 'సోయి' నాకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే అడిగేవాణ్ణి. అర్థమైంది కాబట్టే వెక్కిరించగలిగాను.

రెండోది: వాళ్ళంతట వాళ్ళే మార్చుకున్నారు కదా, ఎవరు బలవంతం చేశారు? నా రూమ్మేట్‌ని నేను మారమని ఎప్పుడూ అనలేదు. మెడలో చెప్పు వేలాడుతున్న పిల్లవాడు కూడా రెండోరోజు నుంచి తనంతట తనే జాగ్రత్తగా మాట్లాడతాడు. దాన్ని ఎంపిక అనొచ్చా? రిచర్డ్‌ని బాయూకి పంపినట్టు, వదులుకున్నదాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు తలెత్తుకుని వెళ్ళి నేర్చుకోగలిగితే అది ఎంపిక. లేకపోతే కాదు.

కోనాన్ కథకు ఇంకొంచెం ఉంది. నాలుగో క్రూసేడులో, 1203లో, కాన్‌స్టాంటినోపుల్ ఎదుట దిగిన సైన్యం దగ్గరికి చక్రవర్తి దూత వస్తే, అందరి తరఫునా జవాబు చెప్పడానికి ఎంచుకున్నది కోనాన్‌నే. మాటకారి, వివేకి అని విలార్దువా తన చరిత్రలో మెచ్చుకున్నాడు. ఆ విలార్దువా షాంపేన్ మనిషి. ఇక్కడితో ఆగితే మంచి ముగింపు. కానీ ఆ మరుసటేడు ఆ సైన్యం నగరాన్ని దోచుకుంది. కోనాన్ అక్కడే ఉండిపోయి, గ్రీకు మాట్లాడే జనం మీద కొత్త ఏలికల రాజప్రతినిధిగా కూడా పనిచేశాడు. ఒకచోట అవమానపడ్డంత మాత్రాన ఇంకోచోట మనం పరాయి ఏలికలం కాకుండా పోము. ఆఫీసు కాల్‌లో నేను కోనాన్‌ని. మెస్సులో రాణిని.

మొన్నామధ్య నా రూమ్మేట్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో వాళ్ళమ్మ పిలిచింది. వాడు ఫోన్ పక్కన పెట్టకుండానే అటు తిరిగి, "తిన్ననే అమ్మా, గిప్పుడే తిన్న. నువ్వు గోలీలు ఏసుకున్నవా?" అన్నాడు. పదిహేనేళ్ళ స్నేహంలో ఆ గొంతు నేను మొదటి సంవత్సరం తర్వాత వినలేదు. మెత్తగా, తొందర లేకుండా ఉంది. మళ్ళీ నా వైపు తిరిగి, "ఆఁ, చెప్పరా, ఏంటి సంగతులు" అన్నాడు, మామూలు గొంతుతో. మామూలు అని నేను అనుకునే గొంతుతో.

అప్పుడు మెస్సు సంగతి ఎత్తాను. కోనాన్ గురించీ చెప్పాను. తప్పయిందిరా అన్నాను. వాడు కాసేపు నవ్వి, "అదంతా నాకసలు గుర్తే లేదురా, వదిలెయ్" అన్నాడు. నిజంగానే గుర్తులేదేమో. నిజంగానే క్షమించాడేమో. ఏదైనా, ఆ మాట వాడు నా యాసలోనే అన్నాడు.